పరుగు నేర్చిన పాదములు: విల్మా రుడాల్ఫ్ (1940–1994)

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున టెన్నెస్సీ అను రాష్ట్రము కలదు. అందలి క్లార్క్స్‌విల్ పట్టణమునకును నాష్‌విల్ నగరమునకును నడుమ దూరము సుమారు 50 మైళ్లు. 1940వ దశకపు మధ్యకాలమున ఈ రెండు ఊళ్ల నడుమ తిరుగు బస్సులో ఒక నల్లజాతి తల్లి, ఎడమకాలు చచ్చుబడిన తన చిన్న కుమార్తెను వెంటబెట్టుకొని, వారము వారము ప్రయాణము చేయుచుండెను. వారు కూర్చొనవలసినది బస్సు వెనుక భాగముననే. ముందు సీట్లు తెల్లవారివి. రెండు గ్లాసుల పద్ధతిని ఎరిగిన మన దేశపు పాఠకులకు ఆ యేర్పాటును విడమరచి చెప్పనక్కరలేదు. ఈ ప్రయాణములు రమారమి రెండు సంవత్సరములు సాగెను. ఆ బాలికయే 1960లో రోమ్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలయందు లోకములో అతి వేగముగా పరుగెత్తు స్త్రీయని పేరొందిన విల్మా రుడాల్ఫ్.

విల్మా 1940 జూన్ 23వ తేదీన, క్లార్క్స్‌విల్‌కు చేరువనున్న సెయింట్ బెత్లెహెమ్ అను చోట, నెలలు నిండకుండ జన్మించెను. పుట్టినప్పుడు ఆ శిశువు బరువు నాలుగున్నర పౌన్లు, అనగా సుమారు రెండు కిలోలు మాత్రమే. తండ్రి ఎడ్ రుడాల్ఫ్ రైల్వేలో పోర్టరు. ఆ జీతము చాలక దొరికిన చిల్లర పనులెల్ల చేయువాడు. తల్లి బ్లాంచ్ తెల్లవారి యిండ్లలో పనిచేయునది. రెండు వివాహములవలన ఎడ్‌కు కలిగిన 22 మంది సంతానములో విల్మా ఇరువదవది. ఆ యింట డబ్బునకు కొరత యుండెను గాని సాయము పట్టు చేతులకు కొరత లేదు.

పసితనమంతయు జబ్బులతోనే గడచెను. న్యుమోనియా రెండు ఊపిరితిత్తులకును సోకెను. స్కార్లెట్ జ్వరము వచ్చెను. నాలుగైదేండ్ల ప్రాయమున పోలియో వచ్చి, ప్రాణము విడిచిపెట్టి ఎడమకాలి బలమును తీసికొనిపోయెను. పోలియోకు టీకా లోకమునకు లభించినది 1955లో. అనగా విల్మాకు అది పదేండ్లు ఆలస్యము. కాలిపర్ తొడుగుకొని ఈడ్చుకొనుచు బడికి నడచు పిల్లలు లేని ఊరు మన దేశమునను ఒకప్పుడు అరుదు. భారతదేశమున చివరి పోలియో కేసు నమోదైనది 2011 జనవరిలో. పోలియో లేని దేశమని ధ్రువపత్రము పొందినది 2014 మార్చిలో. కాబట్టి ఆ తల్లి దిగులు మన పెద్దలకు తెలిసిన దిగులే.

నాష్‌విల్‌లో మెహారీ వైద్య కళాశాల కలదు. నల్లజాతివారికి వైద్యవిద్య నేర్పుటకై 1876లో స్థాపింపబడినది. బ్లాంచ్ తన పని మానుకొనగల దినమున బిడ్డను అచ్చటికి తీసికొనిపోయెడిది. అక్కడ వేడినీటి చికిత్సయు, మర్దనమును చేసి, ఆ మర్దనమును ఇంటివద్ద ఎట్లు చేయవలెనో తల్లికి నేర్పిరి. తల్లి దానిని పెద్దపిల్లలకు నేర్పెను. దినమునకు నాలుగు మారులు, వంతులవారీగా, అన్నలును అక్కలును ఆ చచ్చుబడిన కాలిని పిసికి తోమిరి. ఒక దినము కాదు, ఒక నెల కాదు, ఏండ్ల తరబడి.

విల్మా జీవితమును చెప్పువారనేకులు ఈ భాగమును త్వరత్వరగా దాటి, నడువలేదనుకొన్న పిల్ల లేచి పరుగెత్తెనని చెప్పి, అద్భుతమను మాటతో ముగింతురు. ఆ మాట వాడుటలో తప్పులేదు. అయితే ఆ కుటుంబమునకు అద్భుతము బస్సు టిక్కెట్ల రూపమునను, పనినుండి వచ్చి అలసిన చేతుల రూపమునను వచ్చెనని చెప్పనియెడల కథ సగమే చెప్పినట్లు. దేవుని కార్యమును ఘనపరచవలెనను ఆతురతలో మనుష్యుల ప్రయాసను తుడిచివేయుట భక్తి చరిత్రలు వ్రాయువారికి అలవాటైన పొరపాటు. బ్లాంచ్ రుడాల్ఫ్ ప్రార్థన చేయు స్త్రీ, బాప్టిస్టు సంఘస్థురాలు. ప్రార్థించిన తరువాత బస్సు ఎక్కిన స్త్రీ కూడ.

ఏడవ ఏటగాని విల్మా బడిలో చేరలేదు. అంతవరకు ఇంటిలోనే చదువు. బడిలో తోటిపిల్లలు ఆమె కాలి ఇనుప కమ్ములను చూచి వెక్కిరించిరి. ఆమెకు తొమ్మిదేండ్లు దాటిన కాలమున, ఒక ఆదివారము ఆరాధనకు సంఘము కూడియుండగా, ఆమె కాలిపర్ లేకుండ మందిరములో నడచి వచ్చెను. చూచినవారు ఆశ్చర్యపడిరి. ఆ పిమ్మట కూడ కొంతకాలము ఆ సాధనమును అప్పుడప్పుడు తొడుగుకొనవలసియే వచ్చెను. పన్నెండవ ఏటికి అది పూర్తిగా తొలగెను.

నడక వచ్చిన పిల్లకు నిలకడ పోయెను. బర్ట్ ఉన్నత పాఠశాలలో ఆమె అక్క బాస్కెట్‌బాల్ జట్టులో నుండెను, విల్మాయు చేరెను. మొదట చాలకాలము ఆటగత్తెగా గాక బల్లమీద కూర్చొని చూచు దానిగానే గడచెను. శిక్షకుడు క్లింటన్ గ్రే ఆమెకు స్కీటర్ అని పేరు పెట్టెను. అనగా దోమ. ఎక్కడ చూచినను తన చుట్టు తిరుగుచు గుయ్యిమనుచుండెనట! తుదకు ఆడనిచ్చిన పిమ్మట ఆమె ఒక ఆటలో 49 పాయింట్లు సాధించి రాష్ట్రమున కొత్త రికార్డు నెలకొల్పెను.

నాష్‌విల్‌లోని టెన్నెస్సీ స్టేట్ విశ్వవిద్యాలయము నల్లజాతి విద్యార్థుల కొరకైనది. అచ్చట స్త్రీల పరుగు జట్టునకు శిక్షకుడు ఎడ్ టెంపుల్. ఆయన బాస్కెట్‌బాల్ ఆటలకు రిఫరీగా వచ్చి విల్మాను చూచెను. ఆమె బంతి వేయుట కంటె బంతికొరకు పరుగెత్తుట ఆయన కంట బడెను. టెంపుల్‌కు ఉన్న సదుపాయములు స్వల్పము. పరుగెత్తుటకు మట్టి బాట. దానిపై గీతలను ఆయనయే తన ఖర్చుతో గీసికొనెను. ఆయన విద్యార్థినులు కళాశాలలో పని చేసి తమ చదువునకు సాయము పొందిరి. నియమముల విషయమున మాత్రము ఆయన కఠినుడు. ఆ బీద జట్టునుండి ముందు వెనుకలుగా 40 మంది ఒలింపిక్ క్రీడాకారిణులు బయలుదేరిరనుట క్రీడాచరిత్రలో చిన్న సంగతి కాదు.

పెద్ద పోటీలలో విల్మాకు కలిగిన మొదటి అనుభవము ఓటమియే. అలబామా రాష్ట్రములోని టస్కీగీలో జరిగిన పందెములలో ఆమె పరుగెత్తిన ప్రతి పందెములోను ఓడిపోయెను. పొరుగు బడిపిల్లలతో సులభముగా గెలిచిన పిల్లకు అది పెద్ద దెబ్బ. ఆ వేసవి అంతయు టెంపుల్ శిక్షణలో గడపి, అదే సంవత్సరము, అనగా 1956లో, అమెరికా ఒలింపిక్ జట్టునకు ఎన్నికయ్యెను. వయస్సు 16; ఆ దేశపు పరుగు జట్టులో అందరికంటె చిన్నది. అంతకుముందు రెండు ఒలింపిక్ క్రీడలను చూచిన మే ఫాగ్స్ అను క్రీడాకారిణి అక్కవలె ఆమెను చేరదీసెను. మెల్‌బోర్న్‌లో విల్మా 200 మీటర్ల పందెమున మొదటి దశలోనే వెనుదిరిగెను. రిలే పందెమున మాత్రము ఆమె జట్టునకు మూడవ స్థానము దక్కెను. ఆ నలుగురును టెంపుల్ శిష్యురాండ్రే. కంచు పతకముతో ఆమె తిరిగి బడికి వచ్చెను.

1958లో ఉన్నత పాఠశాల చదువు ముగియుచున్న దినములలో విల్మా గర్భవతి అయ్యెను. ఆ వేసవిలో కుమార్తెను కనెను. వివాహము కాలేదు. యువజనులకు ఆమె కథ చెప్పువారు ఈ సంగతిని దాటవేయుట కలదు. దాటవేసినయెడల, ఆ తరువాత జరిగినది అర్థము కాదు. తల్లియైన అమ్మాయిని జట్టులో చేర్చుకొనకుండుట టెంపుల్ నియమము. ఆ నియమమును ఆయన విల్మా విషయమున సడలించెను. ఆమె కుటుంబము ఆమెను వెలివేయలేదు. బిడ్డను పెంచుటలో తల్లియు అక్కయు భారము పంచుకొనిరి. ఆ సెప్టెంబరులో ఆమె కళాశాలలో చేరెను. బిడ్డను విడిచి వచ్చిన తల్లి మట్టి బాటపై ప్రతి దినము పరుగెత్తెను. రోమ్‌లో ఆమెను చూచి చప్పట్లు కొట్టిన జనులలో ఎందరికి ఈ సంగతి తెలియును? సిగ్గుపరచి తలుపు మూసిన ఇండ్లు లోకమున ఎన్నో కలవు. ఆ తలుపు మూయబడియుండినచో రోమ్ లేదు.

1959లో షికాగోలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడలలో ఆమె 100 మీటర్లలో రజతమును, రిలేలో స్వర్ణమును పొందెను. 1960 జూలైలో టెక్సస్ రాష్ట్రములోని కార్పస్ క్రిస్టీ యందు 200 మీటర్లను 22.9 సెకండ్లలో పరుగెత్తెను. 23 సెకండ్లలోపల ఆ దూరమును దాటిన స్త్రీ అంతకుముందు లేదు.

ఒలింపిక్ క్రీడలలో స్త్రీల పరుగు పందెములు ఆరంభమైనది 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌యందు. ఆ సంవత్సరము 800 మీటర్ల పందెమున కొందరు అలసి సొమ్మసిల్లిరను నెపమున, స్త్రీ దేహము ఇట్టి శ్రమకు తాళదని పెద్దలు తీర్పు తీర్చి ఆ పందెమును తొలగించిరి. 32 సంవత్సరములకు గాని అది తిరిగి రాలేదు. వచ్చినది ఈ రోమ్ క్రీడలలోనే. 200 మీటర్ల పందెము 1948లో చేరెను. మన దేశమునుండి స్త్రీలు ఒలింపిక్ పరుగు పందెములలో మొదట పాల్గొనినది 1952లో హెల్సింకీ యందు. వారు నీలిమా ఘోష్, మేరీ డిసౌజా.

రోమ్ క్రీడలను మన ఉపఖండము వేరు కారణములచేత జ్ఞాపకముంచుకొనెను. మిల్ఖా సింగ్ 400 మీటర్ల పందెమున నాలుగవ వాడై పతకమును పోగొట్టుకొనినది అక్కడనే. హాకీ తుదిపోటీలో పాకిస్తాన్ భారతదేశమును ఒక్క గోలుతో ఓడించినది అక్కడనే. ఇథియోపియాకు చెందిన అబేబే బికిలా వట్టికాళ్లతో మారథాన్ గెలిచినదియు అక్కడనే. ఐరోపా దేశములలో అనేకులు ఆ క్రీడలను తమ యిండ్లలో టెలివిజన్‌పై జరుగుచుండగనే చూడగలిగిరి. విల్మా కీర్తి అంత త్వరగా వ్యాపించుటకు ఇదియు ఒక కారణము.

అమెరికా స్త్రీల జట్టునకు ఎడ్ టెంపుల్‌నే శిక్షకునిగా నియమించిరి. పందెములకు కొద్దిగా ముందు అభ్యాసము చేయుచు విల్మా పచ్చికలోని గుంటలో కాలు పెట్టెను. మడమ మెలికపడి వాచెను. ఏండ్ల తరబడి తోమి నిలబెట్టిన దేహమునకు ఆ గడియలో ఏమగునోయని జట్టంతయు భయపడెను. పట్టీ కట్టి విశ్రాంతి నిచ్చిరి. ఆమెకు ఒక మంచి గుణము కలదు. ఎంతటి పందెమునకైనను ముందు కలత చెందక నిద్రపోగలదు.

100 మీటర్ల సెమీఫైనల్ పందెమును ఆమె 11.3 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డును సమము చేసెను. సెప్టెంబరు 2వ తేదీన జరిగిన తుదిపోటీలో 11.0 సెకండ్లు. రెండవ స్థానమున ఇంగ్లండు దేశపు డొరొతీ హైమన్, మూడవ స్థానమున ఇటలీ దేశపు జుసెప్పీనా లియోనె, ఇద్దరిదియు 11.3. ఇంత దగ్గర దూరములో సెకండులో పది భాగములందు మూడు భాగములనగా చాల పెద్ద ఎడము. అయితే వీపున వీచిన గాలి సెకండునకు 2 మీటర్ల హద్దును మించెను గనుక ఆ కాలము ప్రపంచ రికార్డుగా లెక్కకు రాలేదు. సెప్టెంబరు 5వ తేదీన 200 మీటర్ల తుదిపోటీ జరిగినప్పుడు వాన పడి బాట తడిసియుండెను. గాలి ఎదురు తిరిగెను. ఆమె 24.0 సెకండ్లలో గెలిచెను. కార్పస్ క్రిస్టీలోని తన రికార్డు కంటె అది సెకండునకు పైగా ఎక్కువ. జర్మనీకి చెందిన యుట్టా హైనె 24.4 సెకండ్లలో రెండవదిగా వచ్చెను. మొదటి పందెమున గాలి తోడుపడినందుకు రికార్డు పోయెను, రెండవ దానిలో గాలి అడ్డుపడినందుకు ఎవరును ఆమెకు కొంత కాలమును తగ్గించి లెక్కవేయలేదు.

మూడవది రిలే. నలుగురు క్రీడాకారిణులు తలకు 100 మీటర్ల చొప్పున పరుగెత్తి, చేతిలోని బాటన్‌ను ఒకరినుండి ఒకరికి అందించవలెను. మార్తా హడ్సన్, లూసిండా విలియమ్స్, బార్బరా జోన్స్, చివర విల్మా. అందరును టెన్నెస్సీ స్టేట్ విద్యార్థినులే. సెమీఫైనల్‌లో వారు 44.4 సెకండ్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పిరి. తుదిపోటీలో బార్బరా చేతినుండి విల్మా బాటన్ అందుకొనునప్పుడు పట్టు కుదరలేదు. ఆమె వేగము తగ్గించుకొనవలసి వచ్చెను. బాటన్ క్రింద పడినయెడల నలుగురి శ్రమయు వ్యర్థము. చేజిక్కించుకొని తల యెత్తునప్పటికి జర్మనీ తరఫున యుట్టా హైనె ముందు పోవుచుండెను. ఆరడుగులకు ఒక అంగుళము తక్కువైన ఆ పొడగరి అంగలు చాచి పరుగెత్తి, ముగింపు రేఖకు ముందు ఆమెను దాటెను. అమెరికా 44.5 సెకండ్లు, జర్మనీ 44.8. ఒకే ఒలింపిక్ క్రీడలలో పరుగు పందెములందు మూడు స్వర్ణ పతకములు పొందిన మొదటి అమెరికా స్త్రీ విల్మా. 100, 200, రిలే అను ఈ మూడింటిని కలిపి మరియొక అమెరికా స్త్రీ గెలుచుటకు 1988 వరకు పట్టెను. ఆమె ఫ్లారెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్.

ఐరోపా నగరములలో జనులు విల్మాను చూచుటకు గుంపులుగా కూడిరి. ఇంటివద్ద క్లార్క్స్‌విల్ పట్టణము ఆమెకు స్వాగతము పలుకుటకు సిద్ధపడెను. టెన్నెస్సీ గవర్నరు బఫర్డ్ ఎల్లింగ్టన్. జాతుల వేర్పాటును సమర్థించుచు ఎన్నికైన మనుష్యుడు. ఆ దినములలో ఇట్టి ఉత్సవమునకు పద్ధతి ఏదనగా, ఊరేగింపునకు వీధి కిరువైపుల జనులు వేరువేరుగా నిలుచుటయు, విందులో బల్లలు వేరుగా నుండుటయు. ఆ పద్ధతిలో జరుగునదైనచో తాను రానని విల్మా తెలియజేసెను.

ఈ నిర్ణయము యొక్క బరువును గ్రహించుటకు ఆమె స్థితిని ఆలోచింపవలెను. వయస్సు 20. కళాశాల విద్యార్థిని. చేతిలో ఉద్యోగము లేదు. పోషింపవలసిన బిడ్డ కలదు. పతకములవలన ధనము రాదు, ఏలయనగా వృత్తిగా ధనము తీసికొన్న క్రీడాకారులకు ఆ కాలపు ఒలింపిక్ నియమములు చోటియ్యవు. తల్లి తెల్లవారి యిండ్లలో పనిచేసిన ఊరది. ఆమె ఊరకుండినను ఎవరును తప్పుపట్టియుండరు. దక్షిణ రాష్ట్రములలో ఒకే ప్రభువును ఆరాధించు దేవాలయములే నలుపు తెలుపులుగా చీలియున్న కాలమున, ఒక యువతి విందు బల్లను గూర్చి పట్టుపట్టెను. పట్టణపు పెద్దలు ఒప్పుకొనిరి. 1960 అక్టోబరు 4వ తేదీన జరిగిన ఊరేగింపును, సుమారు 1,100 మంది కూర్చొన్న విందును క్లార్క్స్‌విల్ చరిత్రలో నల్లవారు తెల్లవారు వేర్పాటు లేక కలిసి పాల్గొనిన మొదటి పట్టణోత్సవములు. రోమ్‌లో గెలిచిన మూడు పందెములకంటె ఇది గొప్పదని కొందరందురు. పోల్చుట అనవసరము, రోమ్ లేనిదే ఆమె మాట వినువారు లేరు.

అయితే ఒక విందుతో ఊరు మారలేదు. మరునాడు హోటళ్ల తలుపులు మునుపటివలెనే నల్లవారికి మూయబడియుండెను.

1961లో తండ్రి ఎడ్ మరణించెను. అదే సంవత్సరము జూలైలో స్టుట్‌గార్ట్ నగరమున విల్మా 100 మీటర్లను 11.2 సెకండ్లలో పరుగెత్తి, గాలి కాజేసిన రికార్డును నియమము ప్రకారము తన పేర వ్రాయించుకొనెను. 1962లో స్టాన్‌ఫర్డ్ యందు సోవియట్ జట్టుతో జరిగిన పోటీలో రెండు పందెములు గెలిచి, 22 ఏండ్ల వయస్సున, విరమించెను. 1964లో టోక్యోకు పోయి మూడింటికి తక్కువ గెలిచినయెడల లోకము ఆ తక్కువనే జ్ఞాపకముంచుకొనునని ఆమె తలంచెను. ఆమె స్థానమును టెంపుల్ జట్టు ఖాళీగా నుంచలేదు. వయోమియా టయస్ 1964లోను 1968లోను 100 మీటర్ల స్వర్ణమును గెలిచెను.

1963లో ఆమె పట్టభద్రురాలయ్యెను. ఆ యేడే తన దేశ ప్రభుత్వము తరఫున ఆఫ్రికా దేశములను దర్శించెను. సెనెగల్ రాజధాని డాకర్‌లో జరిగిన క్రీడలకు హాజరయ్యెను. సువార్తికుడు బిల్లీ గ్రహామ్ ఆహ్వానమున బాప్టిస్టు క్రీడాకారుల బృందముతో జపాను దేశమునకు కూడ వెళ్లెను. ఆఫ్రికాలో దేశాధినేతలు ఎదుర్కొని సత్కరించిన ఈ స్త్రీ, తిరిగి వచ్చిన కొన్ని వారములకే, మే నెల 29వ తేదీన, తన స్వగ్రామములోని ఒక భోజనశాలయొద్ద నిలిచి వేర్పాటునకు విరోధముగా నిరసన తెలిపినవారిలో నుండెను. వారిని లోనికి రానియ్యలేదు. అయితే అనతికాలములోనే భోజనశాలలతోకూడ సార్వజనిక స్థలములన్నియు అందరికిని తెరువబడునని ఆ పట్టణపు మేయరు ప్రకటించెను.

తరువాతి జీవితము పత్రికల కెక్కినది తక్కువ. మొదట తాను చదివిన కాబ్ ప్రాథమిక పాఠశాలలోనే రెండవ తరగతి ఉపాధ్యాయిని. బర్ట్ పాఠశాలలో పరుగు శిక్షకురాలు. జీతము స్వల్పము. 1961లో జరిగిన మొదటి వివాహము రెండేండ్లలో ముగిసెను. 1963లో తన పెద్ద కుమార్తె తండ్రినే పెండ్లాడెను. నలుగురు బిడ్డల తల్లియయ్యెను. ఆ వివాహమును తుదకు విడాకులతో ముగిసెను. ఇండియానా, మెయిన్, డెట్రాయిట్, షికాగో, కాలిఫోర్నియా అని ఊరు తరువాత ఊరు మారుచు, యువజన కేంద్రములలోను బడులలోను పనిచేసెను. మూడు స్వర్ణ పతకముల స్త్రీకి తగిన పని దేశమున దొరకకపోయెను. ఈ కష్టమును ఆమె దాచలేదు. 1977లో వెలువడిన తన ఆత్మకథలో తెరచి వ్రాసెను. 1981లో ఇండియానాపొలిస్‌లో తన పేర ఒక సంస్థను స్థాపించి, బీద పిల్లలకు పరుగునందును చదువునందును తోడుపడెను. మిగిలిన దినములలో ఆమె మనస్సు ఎక్కువగా ఆ పిల్లలమీదనే యుండెను.

1994లో బ్లాంచ్ రుడాల్ఫ్ కన్నుమూసెను. కొద్దికాలమునకే, జూలైలో, విల్మాకు మెదడు క్యాన్సరు కలదని వైద్యులు కనుగొనిరి. గొంతునకును అది సోకియుండెను. ఆ నెలలలో ఎడ్ టెంపుల్ ఆమెకు తోడుగా నిలిచి, తాము మునుపు అభ్యాసము చేసిన బాటపై ఆమెతో నడచుచుండెను. అప్పటి మట్టి బాటకును అప్పటికి చాల మార్పు వచ్చియుండెను. నవంబరు 12వ తేదీన, నాష్‌విల్ సమీపమునగల బ్రెంట్‌వుడ్‌లోని తన యింట ఆమె మరణించెను. వయస్సు 54.

నవంబరు 17వ తేదీన టెన్నెస్సీ స్టేట్ విశ్వవిద్యాలయమున వేలాది జనులు జ్ఞాపకార్థ కూటమునకు వచ్చిరి. భూస్థాపన ఆరాధన క్లార్క్స్‌విల్‌లోని బాప్టిస్టు దేవాలయమున జరిగెను. రాష్ట్రమంతట జెండాలను అవనతము చేసిరి. క్లార్క్స్‌విల్ గుండ పోవు 79వ నంబరు రహదారిలో ఒక భాగమునకు ఆ సంవత్సరమే విల్మా రుడాల్ఫ్ పేరు పెట్టిరి. ఆమె కంచు విగ్రహమును ఆ పట్టణమువారు 1996లో ప్రతిష్ఠించిరి.